ఇల్లు మారినవారు ఎంతదూరము పోవుదురు?

మన తెలుగువారి యింటిపేర్లలో ఊళ్ల పేర్లు మెండు. కందుకూరి, తాడేపల్లి, చల్లపల్లి, పాలకుర్తి, కొండపల్లి మొదలగునవి మీ తరగతి హాజరుపట్టీలోనే నాలుగైదు దొరకవచ్చును. అట్టి పేరు వినినంతనే ఆ కుటుంబము ఆ యూరిదని మనము తలంతుము. అది నిజమే గాని, ఇందు గమనింపవలసిన చమత్కార మొకటి గలదు. తాడేపల్లిలోనే యున్నంతకాలము ఎవరికిని ఆ పేరు రాదు. అచ్చట అందఱును ఆ యూరివారే గనుక, ఆ పేరుతో ఒకరిని మఱియొకరినుండి వేఱుపఱచుట కుదరదు. ఊరు విడిచి వేఱొక గ్రామము చేరినప్పుడే ఇరుగుపొరుగువారు "తాడేపల్లినుండి వచ్చినవారు" అని గుర్తుపెట్టుకొందురు. తరము గడచునప్పటికి ఆ గుర్తే యింటిపేరై నిలుచును. కావున ఊరిపేరుగల ప్రతి యింటిపేరును, ఆ వంశమున ఎవరో ఒకరు ఎన్నడో ఒకనాడు మూటాముల్లె కట్టుకొని బయలుదేరిరనుటకు మిగిలియున్న ఆనవాలు.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. వారి పూర్వులు నెల్లూరుసీమలోని కందుకూరునుండి వచ్చినవారు. ఈ రెండు ఊళ్లకు నడుమ దారి మూడువందల కిలోమీటర్లకు పైబడియున్నది. కృష్ణాగోదావరులు రెంటిని దాటవలెను. రైళ్లు లేని కాలమున ఎడ్లబండిపై నది యెన్నిదినముల పయనమో ఊహించుకొనుడు.

అయితే ఇంటిపేరు ఏ యూరు విడిచిరో చెప్పును గాని, ఎంతదూరము వచ్చిరో చెప్పదు. రెండుక్రోసులు వచ్చినవానికిని, ఇరువది ఆమడలు వచ్చినవానికిని పేరు ఒకే తీరున అంటుకొనును. ఇల్లు మారినవాడు సామాన్యముగా ఎంతదూరము పోవునన్న ప్రశ్నకు సమాధానము వేఱొకచోట వెదకవలెను. నాకది మొట్టమొదట మా పాఠశాలలోని ప్రవేశపుస్తకమున దొరకెను.

నేను 1984లో తెలుగుపండితుడనుగా ఉద్యోగమున చేరిన ఊరు పాలమూరు జిల్లాలో, నేటి నాగరుకర్నూలు జిల్లాలో, కృష్ణానదికి ఉత్తరపుగట్టున నున్నది. పిమ్మట పెక్కుచోట్లకు బదిలీయై, తుదకు ఆ పాఠశాలకే ప్రధానోపాధ్యాయుడనై మరలి వచ్చితిని. ప్రతి పాఠశాలలోను ప్రవేశపుస్తకమని యొకటి యుండును. బాలుని పేరు, తండ్రిపేరు, పుట్టినతేది, ఇంతకుముందు చదివిన పాఠశాల, చేరినతేది, విడిచినతేది, విడుచుటకు కారణము – ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడి. మన మెన్నడును ఆ పుస్తకమును చదువవలసిన గ్రంథముగా చూడము. బదిలీపత్రము వ్రాయవలసినప్పుడు మాత్రము దుమ్ము దులిపి తెఱతుము. నేనొక వేసవిసెలవులలో ఏమియు తోచక దానిని మొదటినుండి చివరివఱకు చదివితిని. "ఇంతకుముందు చదివిన పాఠశాల" అను గడిలో పదేపదే కనబడిన పేర్లు పట్టుమని పది లేవు. అవన్నియు చుట్టుపట్ల గ్రామములవే. విడిచిపోయినవారు కోరిన పత్రములును అధికముగా ఆ గ్రామములకే. హైదరాబాదు, రాయచూరు, బొంబాయి అను పేర్లు ఎన్నో పుటలు త్రిప్పినగాని కంటబడలేదు.

ఆ సంవత్సరము ఎనిమిదవ తరగతి పిల్లలకు ఒక పని యప్పగించితిని. ఇంటికిపోయి, పెండ్లికి ముందు తల్లి యే యూరిలో నుండెనో అడిగి రావలెను. మఱునాడు గోడపై జిల్లాపటము వ్రేలాడదీసి, మా యూరివద్ద ఒక గుండుసూది గ్రుచ్చి, ఒక్కొక్క తల్లి పుట్టినూరికి ఒక్కొక్క దారము లాగితిమి. దారములన్నియు ఇంచుమించు జానెడు మేరలోనే చిక్కుపడిపోయినవి. రెండుమూడు మాత్రము జిల్లా యెల్లలు దాటెను. ఒకటి పటమును గూడ దాటి గోడమీదికి పోయెను. అది షోలాపురమునుండి వచ్చిన తల్లిది. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఇంతకంటె చాలముందే, మఱియొక దేశమున, ఇదే పనిని పెద్దయెత్తున చేసిన యొకాయన గలడు. ఆయన పేరు ఎర్నెస్టు జార్జి రావెన్‌స్టైను. 1834లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టునగరమున పుట్టి, యౌవనముననే ఇంగ్లండునకు పోయి స్థిరపడి, అచ్చట పటములు గీయువాడుగను, భూగోళశాస్త్రజ్ఞుడుగను పేరుగాంచెను. అనగా వలసలనుగూర్చి వ్రాసినవాడు తానే యొక వలసదారుడు! ఆ కాలమున విలియం ఫారు అను గణాంకపండితుడు, జనుల రాకపోకలకు నియమ మేమియు నున్నట్లు తోచదని యనెనట. ఆ మాట రావెన్‌స్టైనునకు రుచింపలేదు. ఆయన బ్రిటనులోని జనాభాలెక్కల పుస్తకములు ముందు పెట్టుకొని, ఎవరు ఎచ్చట పుట్టిరి, లెక్కనాటికి ఎచ్చటనున్నారు అని పోల్చిచూచి, 1885లో లండనులోని గణాంకసంఘమున ఒక వ్యాసము చదివెను. 1889లో ఇతరదేశముల లెక్కలనుగూడ చేర్చి రెండవ వ్యాసము ప్రకటించెను.

ఆయన కనుగొనిన నియమములలో మొదటిది ఇది: స్థలము మారువారిలో అధికసంఖ్యాకులు కొలదిదూరమే పోవుదురు. రెండవది మఱింత సొగసైనది. పట్టణమున పని దొరకునని దాని ప్రక్కపల్లెలవారు పోవుదురు. వారు విడిచిన స్థలమును పూరించుటకు ఆవలిపల్లెలవారు వత్తురు. వారి స్థలమునకు ఇంకను ఆవలివారు. ఈ విధముగా ఎవరును ఎక్కువదూరము నడువకయే పట్టణముయొక్క లాగుడు దేశపు మారుమూలలవఱకు ప్రాకును. ఇవిగాక, దూరము పోవువారు వర్తకము, పరిశ్రమలు గల మహానగరములకే పోవుదురనియు, ప్రతి ప్రవాహమునకును ఒక ఎదురుప్రవాహము – అనగా తిరిగి వచ్చువారి వరుస – ఉండుననియు, దగ్గఱిదూరములకు పురుషులకంటె స్త్రీలే యెక్కువగా తరలుదురనియు ఆయన వ్రాసెను.

ఈ కడపటిమాట మనదేశమునకు వర్తించినట్లు మఱి యేదేశమునకును వర్తింపదేమో! మనదేశపు జనాభాలెక్కలలో 1881నుండి ప్రతివ్యక్తిని జన్మస్థలము అడుగుచున్నారు. 1971నుండి, ఇప్పుడున్న చోటికి రాకముందు నివసించిన స్థలమునుగూడ అడిగిరి. 1981నుండి తరలివచ్చుటకు గల కారణమును వ్రాసికొనిరి. 2011నాటి లెక్కలో, ఒక యూరు విడిచి మఱియొక యూరు చేరినవారు 45 కోట్లకు పైబడి తేలిరి. ఈ సంఖ్య వినినంతనే దేశమంతయు రైళ్లెక్కి పోవుచున్నట్లు తోచును. కాని వారిలో సగముకంటె ఎక్కువమంది తమ జిల్లానైనను దాటలేదు. రాష్ట్రమును దాటినవారు నూటికి ఇంచుమించు పన్నెండుగురు మాత్రమే. ఇక ఆ 45 కోట్లలో సుమారు మూడింట రెండువంతులు స్త్రీలు. ఆ స్త్రీలలో సుమారు మూడింట రెండువంతులు వివాహముచేత తరలినవారు.

చరిత్రపుస్తకములలో మనము యువాన్‌చువాంగును, వాస్కోడగామాను చదువుదుము. వారు దూరము పోయిరి, మంచిదే. కాని ఒడిబియ్యము కట్టుకొని, సారెపెట్టె బండిలో పెట్టుకొని, రెండుమూడు క్రోసుల దూరములోని అత్తవారింటికి పోయిన మన తల్లుల పయనమును ఎవరును యాత్రగా నెంచలేదు. ఈ దేశమున జరుగు వలసలలో పెద్దవలస అదియే. మా గోడమీది దారములను చూచి ఒక బాలిక, "సార్, మా అమ్మ ఊరు ఇంత దగ్గఱా? మఱి యేడాదికి ఒక్కసారే పోవునేమి?" అని యడిగినది. జానెడు దారము ఆమె తల్లికి సంవత్సరమంత దూరమని నాకప్పటివఱకు తోచలేదు. జవాబు చెప్పజాలక మఱియొక దారము లాగితిని.

ఒకమాట యిచ్చట చెప్పవలెను. ఒకే ఊరిలో ఈ వీథినుండి ఆ వీథికి ఇల్లు మార్చినవారిని జనాభాలెక్క వలసగా పరిగణింపదు. వారినిగూడ చేర్చినచో దగ్గఱికి పోవువారి సంఖ్య ఇంకను పెరుగును.

మనుజుడు దగ్గఱనే ఆగుట యెందుకు? సోమరితనము చేతనా? భయము చేతనా? దీనికి అమెరికాదేశపు సామాజికశాస్త్రజ్ఞుడు సామ్యూలు స్టౌఫరు 1940లో ఒక చక్కని సమాధానము చెప్పెను. ఓహియోరాష్ట్రములోని క్లీవ్‌లాండునగరమున 1933నుండి 1935వఱకు ఇండ్లు మారిన కుటుంబముల లెక్కలు తీసికొని, ఆయన తన యూహను పరీక్షించెను. ఆయన చెప్పినదానిని నా అనుభవముతో కలిపి చెప్పెదను.

నేనొకసారి క్రొత్త యూరికి బదిలీయై అద్దెయిల్లు వెదకితిని. నాకు కావలసినది రెండుగదులు, మంచినీటిబావి చేరువ, నా జీతమునకు తగిన అద్దె. పాఠశాలనుండి బయలుదేరి ఇంటింటికి అడుగుచు పోగా, వెనుకవీథిలో నాలుగవ యిల్లు కుదిరెను. అంతటితో వెదకుట మానితిని. ఆ యింట పదునొకండేండ్లుంటిని. ఊరిచివర అంతకంటె మంచియిల్లు, తక్కువ అద్దెకు, ఆ దినముననే ఖాళీగా నుండెనని తరువాత వింటిని. నేనక్కడివఱకు పోలేదు. నన్ను నిలిపినది ఫర్లాంగుల లెక్క కాదు. నడుమ దొరకిన ఆ నాలుగవ యిల్లు. స్టౌఫరు చెప్పినదియు ఇదియే. ఒకదూరమునకు పోవువారి సంఖ్య, ఆ దూరమున నున్న అవకాశములనుబట్టి పెరుగును. అక్కడికి చేరకముందే దారిలో తగులు అవకాశములనుబట్టి తగ్గును. దారిలో బావి యున్నయెడల ఆవలిబావికి ఎవరు పోవుదురు? దారిలో బావి లేనప్పుడు ఎంతదూరమైనను పోకతప్పదు. మన మెట్టప్రాంతములవారు ఎందుకు దూరము పోవుదురో, కాలువలక్రింది యూళ్లవారు ఎందుకు అంతగా పోనక్కఱ లేదో ఈ మాటనుబట్టి గ్రహింపవచ్చును.

దీనికి నేనొకటి చేర్చెదను. ఇల్లు మారువాడు గోడలను మాత్రమే విడువడు. చేతిలో డబ్బులేనినాడు ఖాతామీద ఉప్పుపప్పులిచ్చు అంగడివానిని విడుచును. రాత్రివేళ తలుపుతట్టినను లేచివచ్చు పొరుగువానిని విడుచును. "వాడు ఫలానివాని కొడుకు" అను ఒక్కమాట ఎంతదూరము చెల్లునో, పేదవాని అప్పు అంతదూరమే పుట్టును. దానికావల వాడెవడో ఎవరికిని తెలియదు. ధనవంతునికి ఈ చిక్కు లేదు. వాని పేరు వాని డబ్బువెంట పోవును. కావున దగ్గఱికి పోవువాడు పిఱికివాడనుకొనుట పొరపాటు. వాడు తన పరపతి పారునంతమేర లెక్కగట్టుకొనియే అడుగు వేయుచున్నాడు.

ఇష్టముండి పోవువారి సంగతి యిది. బలవంతముగా ఊరు విడువవలసినవారు ఎంతదూరము పోవుదురు? నేను చేరిన పాఠశాలలోనే దీనికి సాక్ష్యమున్నది. ప్రవేశపుస్తకమున 1981నాటి పుటలయందు ఒక్కసారిగా పెక్కు క్రొత్తపేర్లు కనబడును. శ్రీశైలమువద్ద కృష్ణపై కట్టిన ఆనకట్ట నిండుటకు ముందు, ఆ యేట పాలమూరు, కర్నూలు జిల్లాలలోని దాదాపు నూరు గ్రామములను ఖాళీచేయించిరి. ఏటియొడ్డునున్న సోమశిల ఆలయములను విప్పి మెట్టపై తిరిగి కట్టిరి. కృష్ణాతుంగభద్రలు కలియుచోటనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి, అలంపురమునకు తెచ్చి నిలిపిరి. దేవుళ్లకు స్థలము నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులు వచ్చిరి. మనుజులు తమ స్థలమును చాలవఱకు తామే వెదకుకొనిరి.

పరిహారపుడబ్బు చేతబట్టుకొని వారు హైదరాబాదునకైనను పోవచ్చును గదా! కొందఱు పోయిరి. కాని మా యూరికి వచ్చినవారివలెనే పెక్కుమంది నీరు ఎంతవఱకు వచ్చునో అడిగి తెలిసికొని, ఆ గీతకు పైనున్న మొదటి మెట్టమీదనే గుడిసెలు వేసికొనిరి. ప్రాతయూరిపేరే క్రొత్తయూరికి పెట్టుకొనిరి. నేను వచ్చుటకు మూడేండ్లముందు జరిగిన సంగతి గనుక, నా విద్యార్థులలో సగముమంది తమ పుట్టినయింటిని వ్రేలితో చూపుచు, "అదిగో, సార్, ఆ నీళ్లలో" అనెడివారు. ఎండకాలమున జలాశయము తగ్గినప్పుడు ప్రాతగోడల పునాదులు బయటపడును. కర్నూలువైపు గట్టున, సప్తనదీసంగమమని పేరుగన్న చోటనున్న సంగమేశ్వరాలయము నేటికిని వేసవిలో నీరు తీసినప్పుడు మాత్రమే దర్శనమిచ్చును. మా యూరి ముసలివారు ఆ దినములలో దిగిపోయి, తమ వాకిలి ఎచ్చటనుండెనో అడుగులతో కొలిచి, అచ్చట కొంతసేపు కూర్చుండి వత్తురు. వారు ఇల్లు మారిన దూరము ఒక్కక్రోసు గూడ లేదు.

ఇక దూరము పోయినవారిని చూతము. పటముదాటిన దారము షోలాపురమునుండి వచ్చినదని చెప్పితిని. అచ్చటి మగ్గములపై పనిచేయు పద్మశాలీలలో చాలమంది తెలంగాణమునుండి పోయినవారి సంతతి. ఇంటిలో తెలుగు, వీథిలో మరాఠీ మాటలాడుదురు. సూరతు, భివండి నగరములలోను తెలుగు నేతవారి పేటలు గలవు. నేతవాడు మగ్గములున్నచోటికే పోయెను; దారిలో ఎన్నో ఊళ్లున్నను వానికి పనికివచ్చు బావి వాటియందు లేదు. పైగా, ముందు పోయినవాని యింటిచూరు క్రింద వెనుక వచ్చినవాడు దిగును. అందుచేత ఒక్కొక్కప్పుడు పొరుగుజిల్లాకంటె, అన్నగారున్న పరదేశపట్టణమే మనుజునికి దగ్గఱ యగును.

విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములవారికి రంగూను ఇట్టిదే. దానిని వారు "రంగం" అనిరి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులలో పొగయోడ యెక్కి, బియ్యపుమిల్లులలోను, ఓడరేవులోను కూలికై పోయెడివారు. 1931నాటి జనాభాలెక్క ప్రకారము రంగూనులో సగముకంటె ఎక్కువమంది భారతీయులే. 1941 డిసెంబరులో జపాను విమానములు ఆ నగరముపై బాంబులు వేసెను. ఓడలలో చోటు దొరకనివారు 1942లో అడవులు, కొండలు దాటి కాలినడకను బయలుదేరిరి. చేరినవారు చేరిరి, దారిలో పోయినవారు పోయిరి. యుద్ధానంతరము మరల వెళ్లినవారిలో చాలమంది, 1962లో అచ్చట సైనికప్రభుత్వ మేర్పడిన పిమ్మట ఉన్నదంతయు విడిచి తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట నేటికిని గలదు. రావెన్‌స్టైను చెప్పిన ఎదురుప్రవాహము కాగితముమీద ఒక చిన్నగీత; ఆ గీతమీద నడచినవారి పాదములు మనకు అందులో కనబడవు.

ఆయన చెప్పిన పూరింపునుగూడ నేడు మన కన్నులయెదుట చూడవచ్చును. కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి ఎన్నోయేండ్లుగా యువకులు దుబాయి, మస్కటు మొదలగు గల్ఫుదేశములకు పోవుచున్నారు. మఱికొందఱు హైదరాబాదు చేరిరి. కాలువనీరు పెరిగి వరిసాగు హెచ్చినది, నాటువేయు చేతులు చాలలేదు. ఇప్పుడా పొలములలో బీహారు, బెంగాలు కూలీలు వరినాట్లు వేయుచున్నారు. అయితే రావెన్‌స్టైను నాటి పూరింపు ప్రక్కయూరినుండి వచ్చెడిది. ఇది వేయికిలోమీటర్లకు పైబడిన దూరమునుండి వచ్చుచున్నది. ముందుగా వచ్చినవాని చేతిలోని టెలిఫోను, రైలుబండి, కూలీలను కుదిర్చెడి మేస్త్రీ – ఈ మూడును కలిసి దూరమును కుదించినవి. నియమము తప్పలేదు గాని, అడుగు పొడుగైనది.

జనాభాలెక్కకు చక్కగా అందని వలస యొకటి కలదు. అది ఇల్లు మారుట యనుటకును వీలులేనిది. పాలమూరు కూలీలనుగూర్చి మీరు వినియుందురు. మనదేశమున ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మన్ను మోసినవారు వారు. దసరాపండుగ కాగానే మేస్త్రీ ముందుగా ఇచ్చిన డబ్బు తీసికొని, పిల్లాపాపలతో బయలుదేరి, పనిచోట గుడారములలో కాపురముండి, ఎండలు ముదిరిన పిమ్మట ఊరు చేరుదురు. ఇల్లు ఇక్కడనే, తాళము వేసియుండును. లెక్కలవారు వచ్చినప్పుడు వారి నివాసము ఈ యూరే.

1990 ప్రాంతమున మా యెనిమిదవ తరగతిలో అట్టి కుటుంబపు బాలుడొకడుండెను. లెక్కలలో చుఱుకైనవాడు. దసరా సెలవుల తరువాత రాలేదు. దీర్ఘకాలము రానివారి పేరు పట్టీనుండి తీసివేయుట అప్పటి ఆచారము. తరగతి యుపాధ్యాయుడను నేనే గనుక, కార్తికమాసమున వాని పేరుమీద ఎఱ్ఱసిరాతో గీత గీచి, కారణపుగడిలో "తెలియదు" అని వ్రాసితిని. తెలియకపోవుట యేమి! ఊరిలో ఎవరి నడిగినను చెప్పెడివారు. మహారాష్ట్రలో కాలువపని. నేను అడుగలేదు.

వైశాఖమున, పరీక్షలు ముగిసిన పిమ్మట, తండ్రి వానిని వెంటబెట్టుకొని వచ్చెను. "సారూ, పిలగాడు మళ్ల వొచ్చిండు. పేరు ఎక్కించుకోండ్రి" అనెను. సంవత్సరము పోయెనని, మరల అదే తరగతి చదువవలెనని చెప్పితిని. బాలుడు మాటలాడక తన నోటుపుస్తకము నా బల్లపై పెట్టెను. ముందుపుటలలో దసరావఱకు నేను చెప్పిన పాఠములున్నవి. పుస్తకమును త్రిప్పిపట్టి వెనుకనుండి తెఱచితిని. అచ్చట గీతలు గీచి, ఎడమప్రక్క ముప్పదిమంది పేర్లు, వానికెదురుగా తేదులు, పని చేసినదినమునకు ఒక గుర్తు, చేయనిదినమునకు ఒక సున్న. ఆ గుంపులో చదువువచ్చినవాడు వాడొక్కడే. మేస్త్రీ లెక్క తప్పు చెప్పుచున్నాడని అనుమానించి కూలీలు వానిచేత హాజరుపట్టీ వ్రాయించుకొనిరట. ఆఱునెలలలో ఒక్కదినమైనను వదలలేదు.

నేను ప్రవేశపుస్తకము తెఱచి, క్రొత్తసంఖ్యతో వాని పేరు వ్రాసికొంటిని. "ఇంతకుముందు చదివిన పాఠశాల" అను గడి వచ్చినప్పుడు కలము ఆగెను. కొంతసేపు చూచి, మా పాఠశాల పేరే వ్రాసితిని.

మఱుసటి దసరాకు తల్లిదండ్రులు మరల బయలుదేరిరి. నా మాటమీద బాలుని అవ్వవద్ద విడిచిపోయిరి. ఆ నోటుపుస్తకమును మాత్రము తండ్రి అడిగి తీసికొనిపోయెను. వేసవిలో తిరిగివచ్చినప్పుడు దానిని కుమారునకు ఇచ్చెను. వెనుకపుటలలో, వాడు వ్రాసియుంచిన కడపటి తేదికి తరువాత, గళ్లన్నియు ఖాళీగానే యుండెను.